రోజూ తుడిచిన పలకే మసకబారింది: యాక్రిలిక్ అక్వేరియం వెలుపలి శుభ్రతపై ఒక కేస్ స్టడీ

ఒక కార్యాలయ భవనంలోని నిరీక్షణ గదిలో నాలుగేళ్లుగా నడుస్తున్న సముద్రపు నీటి అక్వేరియం ముందు పలక మసకబారిందని, చేపలు పొగమంచు వెనుక తిరుగుతున్నట్టు కనిపిస్తున్నాయని అక్కడి నిర్వాహకులు నన్ను పిలిచారు. లోపలి వైపు నాచు పట్టి ఉంటుందని, దానిని గీకేస్తే పలక మళ్లీ తేటపడుతుందని వారు అనుకున్నారు. నేను వెళ్లి చూసేసరికి లోపలి ముఖం దాదాపు శుభ్రంగానే ఉంది. నష్టమంతా వెలుపలి ముఖం మీద జరిగింది. అది మురికి చేసిన నష్టం కాదు, ఆ మురికిని రోజూ ఎంతో శ్రద్ధగా తుడిచిన పద్ధతి చేసిన నష్టం. యాక్రిలిక్ ట్యాంకుల నిర్వహణలో నేను చూసిన శాశ్వత నష్టాలలో ఎక్కువ భాగం ఇలాంటివే కాబట్టి, ఈ కేసును మొదటి నుంచి చివరి వరకు, నేను చేసిన పొరపాటుతో సహా, వివరంగా నమోదు చేస్తున్నాను.

ట్యాంక్ పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 60 సెంటీమీటర్లు. పలకలు యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్‌వి, మందం 15 మిల్లీమీటర్లు. నీటి లోతు 56 సెంటీమీటర్లు ఉండేది, అంటే సుమారు 600 లీటర్ల నీరు. పై అంచు చుట్టూ అదే పదార్థంతో చేసిన బిగింపు పట్టీ ఉంది. క్యానిస్టర్ ఫిల్టర్ కింది అరలో ఉంది, నీటిలోని మలినాలను బుడగల నురగగా పైకి తేల్చి ఒక కప్పులోకి తీసే ప్రోటీన్ స్కిమ్మర్ వెనుక పలకకు వేలాడుతోంది. కొన్ని క్లౌన్ చేపలు, ఒక ఎల్లో ట్యాంగ్ చేప, కొన్ని రాళ్లు తప్ప పగడాలేవీ లేవు.

మొదటి పరిశీలన, మొదటి పొరపాటు

గది దీపాలన్నీ వెలుగుతుండగా ఎదురుగా నిలబడి చూస్తే మసక ఒకే తీరుగా పరచుకున్నట్టు కనిపించింది. అవి పేరుకుపోయిన సన్నని గీతలని నేను తొందరపడి నిర్ణయించుకున్నాను. పలక మధ్యలో అయిదు సెంటీమీటర్ల చదరం ఎంచుకుని, ప్లాస్టిక్ కోసం తయారైన సన్నని పాలిష్‌ను మెత్తని గుడ్డతో చేత్తోనే రుద్దాను. రెండు నిమిషాల తరువాత తుడిచి చూస్తే ఆ చదరంలో మసక తగ్గలేదు సరికదా, అంతకుముందు కనబడని పది పన్నెండు తెల్లని దారాల వంటి గీతలు స్పష్టంగా తేలాయి. పాలిష్‌లోని తెల్లని పొడి ఆ గీతల్లోకి దిగి అక్కడే నిలిచిపోయింది. గుడ్డ మార్చి, నీటితో ఎన్నిసార్లు ఒత్తి తుడిచినా అది బయటకు రాలేదు. పైపై గీతలో పాలిష్ అలా ఇరుక్కోదు, గీత అంచులను అరగదీసుకుంటూ పోతుంది. లోతు ఉండి వెడల్పు లేని పగులులోనే అది ఇరుక్కుంటుంది. పని అక్కడే ఆపి, చూడవలసిన తీరులో మళ్లీ మొదటి నుంచి చూశాను.

ఆ తీరు ఇది. గది దీపాలు ఆర్పి, ట్యాంక్ దీపం కూడా ఆర్పి, చేపలు చీకటికి అలవాటు పడేందుకు కొంత సమయం ఇచ్చిన తరువాత, చేతి టార్చ్‌ను పలకకు దాదాపు ఆనించినట్టు పక్క నుంచి పట్టుకుని, కాంతి పలక మీదుగా జారేలా నెమ్మదిగా కదిలించాలి. ఎదురుగా పడే కాంతిలో అన్నీ ఒకేలా కనిపించే మచ్చలు, పక్క నుంచి పడే కాంతిలో వేటికవి విడిపోతాయి. ఈ పలక మీద మూడు రకాలు కనిపించాయి.

మొదటిది పై అంచు వెంబడి, మూలల అతుకుల పక్కన పేరుకున్న తెల్లని పెచ్చు. అది ఉప్పు. చిట్లిన తుంపరలు అంచు దాటి ఆరినప్పుడు మిగిలే ఉప్పు తనలోకి తడిని పీల్చుకుంటూ, ఆ తడి ఆరిన చోట మళ్లీ స్ఫటికాలు కడుతూ ముందుకు పాకుతుంది. అందుకే దీన్ని సాల్ట్ క్రీప్ అంటాం. రెండవది మనిషి చేయి సులభంగా అందే ఎత్తులో, భుజం నుంచి నడుము వరకు పరచుకున్న చుట్టు గీతలు. టార్చ్ ఎటు కదిపినా దాని చుట్టూ సాలెగూడులా వలయాలు మెరిశాయి. గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తట్టుకోలేదు. మూడవది నన్ను ఆందోళనపరిచినది. పలక మధ్య మూడవ వంతులో, ఒక కోణం నుంచి చూస్తే పూర్తిగా మాయమై, మరో కోణంలో వెండి జరీలా ఒక్కసారిగా మెరిసే సన్నని, దాదాపు సమాంతరమైన రేఖలు ఉన్నాయి. ఇవి పలక ఉపరితలం మీద ఉన్నట్టు కాక, దాని మందంలోకి నిలువుగా దిగిన చిన్న అద్దపు రేకుల్లా ఉంటాయి. దీనినే క్రేజింగ్ అంటారు. ఇలాంటివే మరికొన్ని కుడి వైపు కింది మూలలో, ఒకప్పుడు తయారీదారు స్టిక్కర్ ఉన్న చోట గుంపుగా ఉన్నాయి.

గీతకూ క్రేజింగ్‌కూ తేడా తెలియకుండా పలక మీద చేయి వేయకూడదు. గీత అంటే పదార్థం పైనుంచి కొంత పోవడం, కాబట్టి చుట్టూ ఉన్నదాన్ని కొంచెం అరగదీసి సమం చేయవచ్చు. క్రేజింగ్ అంటే పదార్థం ఉపరితలం నుంచి లోపలికి విడిపోవడం, కాబట్టి పైన ఎంత మెరుగు పెట్టినా విడిపోయినది కలవదు.

రోజువారీ పద్ధతి ఎలా సాగింది

పలకను రోజూ శుభ్రం చేసే మహిళతో మాట్లాడాను. తనను తప్పు పడతారేమోనన్న భయం ఆమె ముఖంలో కనిపించింది కాబట్టి, “అమ్మా, మీరు రోజూ ఎలా తుడుస్తారో ఒకసారి చేసి చూపిస్తారా? ద్రవం మాత్రం కొట్టవద్దు, చేయి కదిపితే చాలు” అని అడిగాను. ఆమె ఒక సీసా చూపించారు. అది కిటికీ అద్దాల కోసం వాడే నీలిరంగు స్ప్రే. దానిని పలక మీద నాలుగైదు చోట్ల కొట్టి, కాగితపు టవల్‌తో గుండ్రంగా రుద్దుతూ పైనుంచి కిందికి వస్తానని చెప్పారు. ఉప్పు పెచ్చు ఉన్న చోట అది రాలేదాకా గట్టిగా రుద్దుతానని, చివరగా పొడి కాగితంతో మెరిసేలా మరోసారి తుడుస్తానని అన్నారు. “అద్దం కదా సార్, గట్టిగా తుడిస్తేనే మెరుస్తుందని అందరూ చెప్పారు” అన్నారు. అది అద్దం కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్టిక్కర్ గురించి అడిగితే, దాని జిగురు ఎంతకీ పోకపోవడంతో పెయింట్ పని చేసేవారు ఇచ్చిన థిన్నర్‌ను దూదితో అద్దానని చెప్పారు. ఆమె ఒక్క పని కూడా అశ్రద్ధతో చేయలేదు. గాజు పలక అయి ఉంటే ఆ పద్ధతిలో పెద్ద దోషమూ ఉండేది కాదు.

ఇంకొక ఆధారం నిర్వహణ పుస్తకంలో దొరికింది. చేపలకు మేత వేసే ఉద్యోగి స్కిమ్మర్ కప్పు ఎంత నిండిందో రోజూ రాసి పెట్టేవారు. పని దినాలలో ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో కప్పు పల్చని నీటి నురగతో పొంగిపోయినట్టు చాలాసార్లు రాసి ఉంది. సెలవు రోజులలో అలాంటి నమోదు ఒక్కటీ లేదు. స్కిమ్మర్ గదిలోని గాలిని నిరంతరం పీల్చి, సన్నని బుడగలుగా నీటిలోకి పంపుతుంది. పలక మీద కొట్టిన స్ప్రే తుంపరలు గాలిలో కొంతసేపు తేలుతాయి. కొన్ని నేరుగా పై అంచు నుంచి నీటి మీద పడతాయి, కొన్ని ఆ యంత్రం గాలి గొట్టంలోకి పోతాయి. నురగ పుట్టించే పదార్థం రవ్వంత చేరినా స్కిమ్మర్ అతిగా నురగ కక్కుతుందని సముద్రపు ట్యాంకులు నడిపేవారందరికీ అనుభవమే. పలకకు జరుగుతున్న నష్టం నీటికీ చేరుతోందని ఆ పుస్తకమే నాకు చెప్పింది. అదృష్టవశాత్తు చేపలు ఆరోగ్యంగానే ఉన్నాయి.

యాక్రిలిక్ స్వభావం

యాక్రిలిక్ అనేది పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. దృశ్య కాంతిలో సుమారు 92 శాతాన్ని తన గుండా పోనిస్తుంది, గాజులో సగం కంటే తక్కువ బరువు తూగుతుంది, దెబ్బకు గాజులా ముక్కలై చెదరదు. పెద్ద ట్యాంకులకు దానిని ఎంచుకునేది ఈ గుణాల వల్లనే. అయితే అది గాజు కంటే ఎంతో మెత్తన. ఇళ్లలో, కార్యాలయాలలో ఎగిరే దుమ్ములో ఇసుక రేణువులు కలిసి ఉంటాయి. మోస్ కాఠిన్య కొలమానంలో ఆ ఇసుకలోని క్వార్ట్జ్ 7 వద్ద ఉంటుంది, కిటికీ గాజు 5.5 దగ్గర ఉంటుంది, యాక్రిలిక్ 3 దాటదు. కాబట్టి పొడి గుడ్డతో దుమ్ము తుడవడమంటే పలక మీద గరుకు కాగితం లాగినట్టే. కాగితపు టవల్‌లోని కట్టె నారలు కూడా ఈ పదార్థానికి గరుకే. పైగా పొడిగా రుద్దిన యాక్రిలిక్ స్థిర విద్యుత్తును కూడగట్టుకుని గదిలోని దుమ్మును తన వైపు లాక్కుంటుంది. ఆ మహిళ చివరగా ఇచ్చే పొడి మెరుగు మరుసటి రోజు దుమ్మును పిలిచి తెచ్చుకునేది. ఆ దుమ్మే మరుసటి రోజు గీతలు పెట్టేది.

వెలుపలి గీతలు లోపలి గీతల కంటే ఎక్కువ కంటపడటానికి ఒక కారణం ఉంది. యాక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49, నీటిది 1.33, గాలిది దాదాపు 1. రెండు పదార్థాల గుణకాల మధ్య తేడా ఎంత పెద్దదైతే, వాటి సరిహద్దు వద్ద కాంతి అంత ఎక్కువగా తిరిగి వస్తుంది. నేరుగా పడే కాంతిలో యాక్రిలిక్, గాలి సరిహద్దు దాదాపు 4 శాతాన్ని తిప్పి పంపితే, యాక్రిలిక్, నీటి సరిహద్దు 0.3 శాతాన్ని మాత్రమే పంపుతుంది. లోపలి గీతను నీరు నింపి సగం దాచేస్తుంది. వెలుపలి గీతకు అలాంటి ఆచ్ఛాదన లేదు. లోపలి నాచు గీకేటప్పుడు ఎంతో జాగ్రత్తపడి, వెలుపలి పనిని ఎవరికో అప్పగించి మరచిపోయే అలవాటు నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. చూపరి కన్నులో పడేది ముందుగా ఆ ముఖమే.

క్రేజింగ్ కథ వేరు. దానికి రెండు కారణాలు ఒకేసారి కలవాలి: పదార్థం సాగదీయబడి ఉండాలి, దానికి పడని ద్రవం తగలాలి. ఈ ట్యాంకులో నీరు ముందు పలకను మొత్తంగా సుమారు 290 కిలోల బరువుకు సమానమైన బలంతో బయటకు నెడుతోంది. నాలుగు అంచులా బిగించి ఉన్న పలక మధ్యలో బయటకు ఉబ్బుతుంది. అలా ఉబ్బినప్పుడు మధ్య భాగంలో వెలుపలి చర్మం సాగుతుంది, లోపలి చర్మం నొక్కుకుంటుంది. అంచుల దగ్గర ఇది తారుమారవుతుంది. అంటే, రోజూ స్ప్రే పడే వెలుపలి ముఖంలో ఎక్కువగా సాగి ఉన్న చోటు దాని మధ్య భాగమే. ఆల్కహాల్, అసిటోన్, థిన్నర్ వంటి ద్రావకాలు అక్కడి ఉపరితలంలోకి కొద్దిగా ఇంకి, ఒకదానితో ఒకటి పెనవేసుకున్న పొడవాటి అణువుల పట్టును సడలిస్తాయి. సాగి ఉన్న చోట ఆ పట్టు తప్పగానే సన్నని చీలికలు తెరుచుకుంటాయి. నీరు లేని ఖాళీ ట్యాంక్ మీద అదే ద్రవం ఏ జాడా వదలకపోవచ్చు. “మేము కొన్నప్పుడు దీనితోనే తుడిచాం, ఏమీ కాలేదు” అనే మాట నేను ఎన్నోసార్లు విన్నాను, అది అబద్ధమూ కాదు. ఆనాడు పలక మీద భారం లేదు, అంతే.

దీనిని నిర్వాహకులకు మాటలతో నచ్చజెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. మందం తక్కువ ఉన్న రెండు యాక్రిలిక్ తునకలు తీసుకుని, ఒకదానిని బల్ల మీద చదునుగా ఉంచాను. రెండవదానిని ఒక గుండ్రని డబ్బా మీదుగా వంచి రెండు వైపులా బిగించాను. వారి స్ప్రే సీసా మీద ముద్రించిన పదార్థాలలో అమోనియాతో పాటు ఆల్కహాల్ కూడా ఉంది. అదే ద్రవాన్ని రెండింటి మీదా దూదితో అద్ది, ఆరినప్పుడల్లా మళ్లీ అద్దాము. అరగంట గడిచేలోగా వంచిన తునక వీపు మీద, వంపుకు అడ్డంగా, వెండి రేఖలు బయలుదేరాయి. చదునైన తునక మీద ఒక్కటీ లేదు. ఆ మహిళ టార్చ్ పట్టుకుని చాలాసేపు ఆ తునకను అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ సాయంత్రం నుంచి భవనంలో యాక్రిలిక్ పలక ఎదురైన ప్రతి చోటా ఆ సీసా పక్కన పెట్టేశారు.

చేసిన శుభ్రత

పలకను శుభ్రం చేయడానికి ముందే నీటి మట్టాన్ని 10 సెంటీమీటర్లు తగ్గించాను. పలక మీద మొత్తం బలం లోతు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, లోతు 56 నుంచి 46 సెంటీమీటర్లకు దిగితే ఆ బలం 290 కిలోల నుంచి 195 కిలోల వరకు, అంటే మూడవ వంతు తగ్గుతుంది. పలకకు అడ్డంగా ఒక దారం బిగించి ఉబ్బును కొలిస్తే అంతకుముందు 5 మిల్లీమీటర్లు ఉన్నది 4కు వచ్చింది. మూడవ వంతు తగ్గకపోవడం ఆశ్చర్యం కాదు, ఎందుకంటే ఏళ్ల తరబడి భారం మోసిన యాక్రిలిక్ కొంత శాశ్వతంగా సాగిపోతుంది. తీసివేసినది ఉప్పునీరే కాబట్టి మిగిలిన నీటి లవణీయత మారలేదు. ఫిల్టర్ నీటిని లాగే గొట్టం కొత్త మట్టానికి చాలా కిందనే ఉందని మాత్రం చూసుకున్నాను.

ఆ తరువాత స్కిమ్మర్‌ను ఆపి, ట్యాంక్ పైభాగాన్ని శుభ్రమైన ప్లాస్టిక్ షీటుతో కప్పాను. పని జరిగినంతసేపు ట్యాంక్ దీపం ఆర్పి ఉంచాను. పలక మీద చేతుల కదలిక చేపలను బెదిరిస్తుంది, చీకట్లో అవి తక్కువగా కలత చెందుతాయి. చేతికి ఉన్న ఉంగరం, గడియారం తీసేశాను. చొక్కా చేతి గుండీ కూడా గీత పెట్టగలదు కాబట్టి చేతులు పైకి మడుచుకున్నాను.

రెండు బకెట్లు వాడాను. రెండింటిలోనూ ఆర్‌ఓ నీరే, గది వేడిమిలోనే. కుళాయి నీటిలోని ఖనిజాలు ఆరాక మళ్లీ మచ్చలు పెడతాయి. మొదటి బకెట్‌లో లీటరుకు రెండు మూడు చుక్కల చొప్పున, సువాసన, రంగు లేని, గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపాను. అంతకు మించి సబ్బు అవసరం లేదు, ఎక్కువైతే కడగడం కష్టమవుతుంది. రెండవ బకెట్‌లో ఉత్త నీరు. గుడ్డలన్నీ కొత్త మైక్రోఫైబర్ గుడ్డలు. బట్టలను మెత్తబరిచే ద్రావణాలు వేయకుండా ఒకసారి ఉతికి, అంచుల్లోని గట్టి కుట్టు, లేబుల్ కత్తిరించి పెట్టుకున్నవి. నేలను తాకిన గుడ్డ మళ్లీ పలకను తాకకూడదన్నది నా కచ్చితమైన నియమం.

ముందుగా ఉప్పు. ఉప్పు స్ఫటికాలను రుద్దితే రాలుతాయి, కానీ రాలేటప్పుడు వాటితో కలిసి ఉన్న సున్నపు రేణువులనూ గదిలోని దుమ్మునూ పలక మీదుగా ఈడ్చుకుపోతాయి. నీటిలో ఉప్పు కరుగుతుంది కాబట్టి రుద్దవలసిన అవసరమే లేదు. తడి గుడ్డను కొద్దిగా పిండి పై అంచు మీద మడిచి వేసి, పది నిమిషాలు ఏమీ చేయకుండా వదిలేశాను. తరువాత దానిని పైకెత్తి, వేరే తడి గుడ్డతో ఒక్కసారి కిందికి లాగాను. మందంగా పేరుకున్న మూలల్లో ఇది మూడుసార్లు చేయవలసి వచ్చింది. ఈ పనిలో చేతి బలం కంటే వేచి ఉండటమే ముఖ్యం. తొందర ఉన్న రోజున ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిదని నేను అందరికీ చెబుతాను.

ఉప్పు పోయాక ఎడమ మూలలో కొంత గట్టి తెల్లని పొర మిగిలింది. అది నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్. తెల్ల వెనిగర్‌ను సమానమైన ఆర్‌ఓ నీటితో కలిపి, ఆ మిశ్రమంలో తడిపిన చిన్న గుడ్డ ముక్కను అయిదు నిమిషాలు అక్కడే ఉంచితే, పొర సన్నగా బుసబుసలాడి కరిగింది. వెంటనే ఉత్త నీటి గుడ్డతో రెండుసార్లు తుడిచాను. క్రేజింగ్ ఉన్న చోటుకు దీన్ని తీసుకుపోలేదు. ఆ చీలికలు తగిలిన ద్రవాన్ని దీపపు వత్తిలా లోపలికి లాక్కుంటాయి. అక్కడ ఉత్త నీరు తప్ప మరేదీ తాకకూడదని నిర్ణయించుకున్నాను.

ఇక పలక మొత్తం. పైనుంచి కిందికి, నీరు బాగా కారేంత తడిగా ఉన్న గుడ్డతో ముందు ఒకసారి ఒత్తిడి లేకుండా దుమ్మును నీటిలో తేల్చి దింపాను. సబ్బు నీటి గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒక్కో మడత ముఖంతో ఒక్కటే లాగు లాగాను. ఎనిమిది లాగులు అయ్యాక గుడ్డను విప్పి కడిగాను. చేయి ఎప్పుడూ నిలువుగా, సూటిగానే కదలాలి. వలయాకారపు గీత దీపం ఎక్కడ ఉన్నా ఏదో ఒక వైపు మెరుస్తుంది. పొరపాటున పడినా నిలువు గీత చాలా కోణాల్లో కనబడదు. తరువాత ఉత్త నీటితో అదే క్రమంలో తుడిచి, చివరగా పిండిన మెత్తని గుడ్డతో తడిని అద్దుతూ తీశాను. పొడి గుడ్డతో మెరుగు పెట్టలేదు. కొద్దిపాటి తడి తనంతట తానే ఆరిపోయింది. ఆర్‌ఓ నీరు కాబట్టి మచ్చ మిగలలేదు.

స్టిక్కర్ జిగురు మూల అంచున కొంత ఇంకా మిగిలి ఉంది. మామూలుగా అయితే వంటనూనె చుక్క వేసి, కొన్ని గంటలు నానబెట్టి, వేలి కొనతో దొర్లించి తీసి, సబ్బు నీటితో జిడ్డు వదిలిస్తాను. ఇక్కడ దాని పక్కనే చీలికలు ఉన్నందున ఆ జిగురును అలాగే వదిలేశాను. కంటికి కొంచెం అసహ్యంగా ఉన్నా ఆ మూలను మళ్లీ కదిలించడం సరి కాదనిపించింది.

చుట్టు గీతలలో కొన్నింటిని, క్రేజింగ్‌కు దూరంగా ఎడమ వైపు మూడవ వంతులో మాత్రమే, నీటి ఆధారపు సన్నని పాలిష్‌తో చేత్తో తగ్గించాను. యంత్రం వాడలేదు, ఎందుకంటే అది పుట్టించే వేడి భారం మీద ఉన్న పలకకు మేలు చేయదు. గరుకు కాగితంతో మొదలుపెట్టి వరుసగా సన్నని రకాలకు వెళ్లే లోతైన పనిని నీరు తీసేసిన ట్యాంక్ మీదే చేస్తాను. రెండు గంటల శ్రమకు ఎడమ వైపు చెప్పుకోదగినంత తేటపడింది. మధ్య భాగంలో మసక అలాగే ఉండిపోయింది, నా పాలిష్ చదరంలోని తెల్లని దారాలతో సహా.

నిర్ణయం

పలకను ఇలాగే ఎంతకాలం నమ్మవచ్చన్నది నిర్వాహకులు అడిగిన ప్రశ్నలలో అతి ముఖ్యమైనది. దానికి నేను ఎలాంటి హామీ ఇవ్వలేదు. చీలికలు ఉపరితలానికి దగ్గరగానే ఉన్నాయి. అతుకులు తేటగా, బుడగలు లేకుండా ఉన్నాయి, ఎక్కడా చెమ్మ లేదు. అయినా చీలిక మొన వద్ద ఒత్తిడి కేంద్రీకృతమవుతుంది కాబట్టి ఇప్పుడు చిన్నగా ఉన్నది పెరగదని చెప్పలేం. నీటి మట్టాన్ని తగ్గించిన స్థితిలోనే ఉంచాలని, ట్యాంక్‌ను పూర్తి మట్టంతో మళ్లీ ఎన్నడూ నింపకూడదని, కొత్త ట్యాంక్‌ను ఆలస్యం చేయకుండా తయారు చేయించాలని రాసి ఇచ్చాను. ఫోటోలు చూసిన తయారీదారు కూడా అదే చెప్పారు. కొత్తదానికి 15 మిల్లీమీటర్లకు బదులు 20 మిల్లీమీటర్ల పలకలు వాడమని, అతికించిన తరువాత ఒత్తిడి సడలేలా నియంత్రిత వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చమని అడిగాను. అన్ని కొలతలూ ఒకేలా ఉంటే, ఒక పలక ఉబ్బు దాని మందం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. 15 నుంచి 20కి పోతే అది సగం కంటే తక్కువకు దిగుతుంది. వెలుపలి చర్మం సాగడమూ తగ్గుతుంది, అయితే ఉబ్బు తగ్గినంతగా కాదు.

కొత్త ట్యాంక్ వచ్చేదాకా గడిచిన పదకొండు వారాలలో, వారానికి ఒకసారి అదే చోట నిలబడి, అదే కోణంలో టార్చ్ పట్టి, పలకకు పక్కన పారదర్శకమైన కొలబద్ద ఆనించి ఫోటోలు తీశాము. పలక మీద మార్కర్‌తో గుర్తు పెట్టడం నాకు ఇష్టం లేదు, దాని సిరాలోనూ ద్రావకం ఉంటుంది. రేఖల పొడవులో తేడా కనబడలేదు. స్ప్రే ఆపిన నాటి నుంచి స్కిమ్మర్ ఉదయపు పొంగు కూడా నిర్వహణ పుస్తకంలో మళ్లీ నమోదు కాలేదు.

పాత ట్యాంక్‌ను ఖాళీ చేసిన రోజున ఆ పలకను నిదానంగా పరిశీలించే అవకాశం దొరికింది. భారం పోయాక వెండి రేఖలలో కొన్ని మసకబారి, వెతికితే తప్ప కనబడనట్టయ్యాయి. చీలిక అంచులు దగ్గరకు చేరడమే దానికి కారణం, చీలిక మాత్రం పోలేదు. ఇలా ఖాళీ స్థితిలో చూసి బాగుందనుకుని పాత యాక్రిలిక్ ట్యాంక్ కొనేవారు ఉంటారు. అలాంటి వారు టార్చ్‌తో పలక మధ్యభాగాన్ని, రంధ్రాల చుట్టూ ఉన్న భాగాన్ని పక్క కాంతిలో తప్పక చూడాలి. వీలైతే పరీక్ష కోసం ఆరు బయట పూర్తిగా నింపి కూడా చూడాలి.

కొత్త ట్యాంక్ దగ్గర ఒక చిన్న అర ఏర్పాటు చేశాము. మూత ఉన్న డబ్బాలో గుడ్డలు, ఒక క్యాన్ ఆర్‌ఓ నీరు, సబ్బు చుక్కల సీసా మాత్రమే అందులో ఉంటాయి. ఆ డబ్బా మీద ఏ గుడ్డ దేనికో ఆ మహిళే తన చేతివ్రాతతో రాసుకున్నారు. రోజువారీ తుడవడం మానేసి వారానికి రెండుసార్లకు తగ్గించాము. మధ్య రోజులలో వేలిముద్రలు పడితే ఆ చోట మాత్రమే తడి గుడ్డ అద్దుతారు.

ఆరు నెలల తరువాత తనిఖీకి వెళ్లినప్పుడు దీపాలన్నీ ఆర్పి పలకంతా టార్చ్‌తో చూశాను. కుడి చివర రెండు సన్నని నిలువు గీతలు తప్ప ఏమీ లేవు. పై అంచున ఒక చోట ఉప్పు పెచ్చు కట్టి ఉంది. నేను గుడ్డ అందుకోబోతే ఆ మహిళ ముందుకు వచ్చి, “ఉండండి సార్, దాని మీద తడి గుడ్డ వేసి ఇంకా అయిదు నిమిషాలే అయింది” అన్నారు. మరో అయిదు నిమిషాలు ఇద్దరమూ అక్కడే నిలబడ్డాము. ఆమె గుడ్డ ఎత్తి ఒక్కసారి కిందికి లాగారు, ఉప్పు మొత్తం దానితో పాటే వచ్చేసింది.